చేరిక పుస్తకాలు

“దిద్దినంతవరకు ఒక్క తప్పు కూడా వదల్లేదమ్మా. రెండు వేసవులు పట్టింది,” అంటూ మాస్టారు నా ముందు రెండు పొడుగాటి పుస్తకాలు పెట్టారు.

వైరాలో వాళ్లింటి ముందుగదిలో కూచున్నాం. ఆయన భార్య ఇచ్చిన చాయ్ గ్లాసు నా చేతిలో ఉంది. మొదటి పుస్తకం తెరిచాను. పేజీ నిండా ఎర్ర సిరా.

కింద ఉన్నవి నీలం అక్షరాలు. ముప్పై, నలభై ఏళ్ల కింద పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లలు రాసినవి. వాటి మీద ఒత్తులు సరిచేస్తూ, దీర్ఘాలు తగిలిస్తూ, కొన్నిచోట్ల వాక్యం మొత్తం కొట్టేసి కొత్త వాక్యం ఎక్కిస్తూ ఎర్ర పెన్ను నడిచింది. ‘ఏరు’ అన్నది ‘సెలయేరు’ అయింది. ‘మా నాయిన’ అన్నది ‘మా తండ్రిగారు’ అయింది. పేజీ చివర ‘బాగుంది’ అనీ, ‘ఇంకొంత వివరం అవసరం’ అనీ సంతకంతో సహా ఉంది. మొదటి పది పేజీలనైతే కుట్టు విప్పి బయటికి తీసి, బజారులో లామినేషన్ కూడా చేయించారు. పట్టుకుంటే హోటల్లో మెనూ కార్డులా గట్టిగా ఉన్నాయి.

“ఎట్లుంది?” అన్నారు మాస్టారు సంతోషంగా.

నేను చాయ్ కింద పెట్టేశాను. ఆయన నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను డిగ్రీకి వచ్చేనాటికి మా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. నా గొంతులోంచి వచ్చిన మాట ఒక్కటే: “ఎందుకు సార్?”

“ఎందుకేంటమ్మా? రేపు ఎవరన్నా చదివితే మనవాళ్లకి తెలుగు రాదనుకోరూ?”

ఇది మొదలుపెట్టింది నేనే కాబట్టి ఎవరి మీదా అరవడానికి లేదు. కాని ఆ రోజు మాత్రం అరిచాను. ఆ సంగతి చెప్పేముందు ఆ పుస్తకాలేమిటో చెప్పాలి.

మాది గోదావరి పక్కన, కుక్కునూరు, వేలేరుపాడు వైపు పల్లెల నుంచి ఖమ్మం వచ్చి చదువుకున్న పిల్లల సంఘం. అప్పట్లో మా ఊళ్ల నుంచి ఖమ్మం రావాలంటే పొద్దున బయల్దేరితే చీకటి పడేది. వానాకాలంలో వాగు పొంగితే ఆ రోజు ప్రయాణమే లేదు. ఒకసారి వచ్చిన పిల్లలు మళ్లీ సెలవులకే వెళ్లేవాళ్లు. హాస్టల్లో ఏడ్చేవాళ్లు, చదువు మానేసి పారిపోయేవాళ్లు. కోర్టులో గుమాస్తాగా పనిచేసే మా వైపు మనిషి ఒకాయన బస్టాండు వెనక చిన్న గది కిరాయికి తీసుకుని, ఆదివారాలు అందర్నీ అక్కడికి రమ్మన్నాడు. అదే సంఘం. ఆయనే మా మొదటి అధ్యక్షుడు. అందరం పెద్దన్న అనేవాళ్లం.

సంఘంలో చేరడానికి ఫారం లేదు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారంలోనే ఒక పొడుగాటి పుస్తకంలో తమ ఊరి గురించి ఒక పేజీ రాయాలి. దాన్ని చేరిక పుస్తకం అనేవాళ్లం. నేను చేరిన రోజు పెద్దన్న అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “పేరూ ఊరూ రాస్తే ఎవనికి యాదుంటది? మీ ఊరెట్లుంటదో రాయి. నువ్వు రాసింది చదివి నేను మీ ఇంటికి దారి అడగకుండ రావాలె.” ఏడుపు ఆపడానికి ఆయన పట్టిన ఉపాయం అదని తర్వాత అర్థమైంది. రాస్తున్నంతసేపూ ఇంటి దగ్గరే ఉన్నట్టుండేది. ఏటా ఒక ఆదివారం జేబులకు పచ్చ రిబ్బను ముక్కలు పెట్టుకుని అందరం కలిసి వండుకు తినేవాళ్లం. ఆ రోజు ఎవరి పేజీ వాళ్లు చేరిక పుస్తకంలోంచి పైకి చదివేవాళ్లం.

భద్రాచలంలోనే చదువులు దొరకడం మొదలయ్యాక ఖమ్మం వచ్చే పిల్లలు తగ్గారు. గది ఖాళీ చేశారు. అయిదు చేరిక పుస్తకాల్లో మూడు పెద్దన్న, రెండు మాస్టారు తీసుకెళ్లారు. అందరం ఉద్యోగాల్లో, సంసారాల్లో పడి వాటిని మరిచిపోయాం.

తర్వాత రాష్ట్రం విడిపోయింది. మా మండలాలు అటువైపు కలిశాయి. ఆ వెనకే ప్రాజెక్టు ముంపు కింద ఊళ్లు ఖాళీ చేయించడం మొదలైంది. మా ఊరివాళ్లు కొందరు జంగారెడ్డిగూడెం దగ్గర కాలనీలకు, కొందరు సత్తుపల్లికి, కొందరు మధిరకు, కొందరు ఎక్కడికో. నేను ఖమ్మంలోనే ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మా ఊరు వదిలి వెళ్లాల్సిన రోజు అమ్మ ఫోన్ చేసి, “ఇంటి తలుపు తీస్కపోవాల్నా వద్దా?” అని అడిగింది. తీసుకురమ్మన్నాను. ఆ తలుపు ఇప్పటికీ మా డాబా మీద పిట్టగోడకు ఆనించి ఉంది. ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు.

ఆ మధ్య హైదరాబాదులో లైబ్రేరియన్లకు పాత కాగితాల భద్రత గురించి శిక్షణ పెట్టారు. అక్కడ పాఠం చెప్పినావిడ ఎస్టోనియా అనే చిన్న దేశం కథ చెప్పింది. అక్కడి విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘాలుండేవట. ఒక్కో సంఘానికి ఒక్కో రంగుల టోపీ. సోవియట్ వాళ్లు దేశాన్ని పట్టుకున్నాక ఆ సంఘాల్ని మూసేశారు. పారిపోయిన సభ్యులు స్వీడన్లో, కెనడాలో, అమెరికాలో మళ్లీ కూడుకుని, అదే టోపీలతో, అవే పాటలతో యాభై ఏళ్లు నడిపారు. సభ్యుల పట్టీలు, సమావేశాల పుస్తకాలు, ఫొటోలు ఇళ్లల్లో దాచారు. ముసలివాళ్లు పోతుంటే వాళ్ల పిల్లలకు ఆ భాష రాక, అవేమిటో తెలియక పారేయబోయిన పెట్టెలు ఎన్నో ఉన్నాయట. వాటిని ఇల్లిల్లూ తిరిగి పోగు చేయడం ఎంత కష్టమైందో ఆవిడ చెబుతుంటే, నేను నోట్సు రాసుకోవడం మానేసి మా పచ్చ రిబ్బను గురించి ఆలోచిస్తూ కూచున్నాను. వాళ్లది సముద్రం దాటిన కథ, మాది అంత పెద్దది కాదు. అయినా మా ఊరు మునుగుతోంది, మా ఊరు ఎట్లుండేదో రాసిన పేజీ ఎవరి అటక మీదో ఉంది. తిరిగొచ్చే బస్సులోనే నిర్ణయించుకున్నాను: అయిదు పుస్తకాలూ తెచ్చి, స్కాన్ చేసి, అందరికీ ఇవ్వాలి. ఎస్టోనియా వాళ్లకు యాభై ఏళ్లు పట్టిందేమో కాని నాకు యాభై రోజులు చాలనుకున్నాను.

మొదటి తప్పు వాట్సాప్‌లో చెప్పడం. సంఘానికి అప్పటికే రెండు గ్రూపులున్నాయి. రాష్ట్రం విడిపోయిన ఏడాదే గొడవపడి, తెలంగాణలో ఉన్నవాళ్లు ఒక గ్రూపు, అటు పోయినవాళ్లు ఒక గ్రూపు పెట్టుకున్నారు. అసలు సంఘం మాదంటే మాదని ఇద్దరికీ పట్టుదల. సంఘం పుట్టింది ఖమ్మంలో కాబట్టి మాదే అని ఇక్కడివాళ్లు. పుస్తకాల్లో ఉన్న ఊళ్లు మావి కాబట్టి మాదే అని అక్కడివాళ్లు. ఆదివారం గది ఊడ్చిన మనుషులే వీళ్లందరూ. నేను రెండు గ్రూపుల్లోనూ ఒకే మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి రెండిట్లోనూ నన్ను అవతలివాళ్ల మనిషినన్నారు. స్కాన్ చేసిన పేజీ కింద ఊరి పేరు పక్కన ఏ జిల్లా పేరు వేస్తావని ఒకరు, ఏ రాష్ట్రం పేరు వేస్తావని ఒకరు. ఊరే లేదు, జిల్లా గోల ఎందుకయ్యా అని రాయబోయి చెరిపేశాను.

రెండో తప్పు బూర్గంపాడు వెళ్లడం. పెద్దన్న రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. డెబ్బై దాటాయి. మూడు పుస్తకాలూ ఇనప పెట్టెలో, వేపాకు వేసి, తెల్లగుడ్డలో చుట్టి ఉంచాడు. చూసి ప్రాణం లేచొచ్చింది.

“స్కాన్ చేసి వారంలో తెచ్చిస్త అన్నా,” అన్నాను.

“తీర్మానం ఏదమ్మా?”

“ఏం తీర్మానం?”

“సంఘం ఆస్తి బయటికి పోవాలంటే సమావేశం పెట్టాలె. మూడోవంతు సభ్యులు రావాలె. తీర్మానం రాసి సంతకాలు చెయ్యాలె. నిబంధన నేనే రాసిన. నేనే తప్పితే ఎట్ల?”

“ముప్పై ఏళ్లాయె అన్నా సమావేశం జరగక. సభ్యులు ఇద్దరు ఒక్క గదిల కూసునే పరిస్థితి లేదు.”

“అందుకే నిబంధన ఉండేది,” అన్నాడు పెద్దన్న. పుస్తకాలు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆయన భార్య నా వైపు చూసి, “నాకు గూడ ముట్టనియ్యడు,” అంది. నాలుగు గంటలు బస్సులో వెళ్లి, పులిహోర తిని, నాలుగు గంటలు బస్సులో తిరిగొచ్చాను.

ఆ తర్వాతే వైరా. దగ్గర కదా, చదువుకున్న మనిషి కదా, ఈయన దగ్గర ఇబ్బంది ఉండదనుకున్నాను.

మాస్టారి దిద్దుబాట్లు చూస్తూ పేజీలు తిప్పుతున్నాను. రెండో పుస్తకం మధ్యలో ఒక పేజీకి ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర గీత కొట్టి ఉంది. కింద మాస్టారి రాత: ‘అర్థం లేని పదాల పట్టీ. తెలుగు కాదు. తొలగించవలెను.’

ఆ పేజీ ఎవరిదో చూడగానే తెలిసింది. హాస్టల్లో నా గదిలో నా పక్క మంచం ఆమెది. కోయ పిల్ల. వాగు అవతల పల్లె. చేరిన కొత్తలో ఆమె తెలుగు విని మెస్సులో పిల్లలు నవ్వారు. రెండు రోజులు అన్నానికి రాలేదు. పెద్దన్న ఆమెకు చేరిక పుస్తకం ఇస్తూ, “నీకు ఏ మాట వస్తే ఆ మాటల రాయి, నాకు రాకుంటే నేను నేర్చుకుంట,” అన్నాడు. ఆమె కోయ మాటల్ని తెలుగు అక్షరాల్లో పేజీ నిండా రాసింది. అది రాశాకే మెస్సుకు వచ్చింది.

“ఇది కోయభాష సార్,” అన్నాను.

“అదే కదా, తెలుగు కాదు.”

“తెలుగు కాదని కొట్టేస్తరా?”

“నువ్వు కోప్పడకమ్మా. పుస్తకానికి ఒక ప్రమాణం ఉండాలి.”

అప్పుడు అరిచాను. మీరు చేసింది ముంపు చేసినదానికంటే అధ్వాన్నం అన్నాను. బళ్లో పిల్లల కాపీలనుకున్నారా అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, అది ఇక్కడ రాయను. ఆయన ముఖం ఎర్రబడింది. రెండు పుస్తకాలూ ఒళ్లోకి లాక్కుని, “రెండోదాంట్లో ఇంకా సగం దిద్దాల్సి ఉంది. అయ్యాక చూద్దాం,” అన్నారు. ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ఉంది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. పుస్తకాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఇంకా సగం దిద్దుతారు. కోపం ఆపుకుని ఉంటే ఆ సగమన్నా మిగిలేది.

ఆ పేజీ రాసిన నా స్నేహితురాలికి వారం రోజులు ఫోన్ చేయలేకపోయాను. ఆమె ఇప్పుడు జంగారెడ్డిగూడెం దగ్గరి కాలనీలో అంగన్‌వాడీ టీచరు. చివరికి చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వింది.

“అప్పుడు మెస్సుల నవ్విండ్రు, ఇప్పుడు ఎర్రగీత కొట్టిండ్రు. ఆ పేజీల నేనేం రాసిన్నో నీకు ఎరికేనా?”

“తెల్వదే. నువ్వెప్పుడు చెప్పలే.”

“నువ్వెప్పుడు అడగలే,” అంది. అదీ నిజమే. రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాను, ఏటా ఆమె ఆ పేజీ పైకి చదువుతుంటే చప్పట్లు కొట్టాను కాని అడగలేదు. ఒకసారి మాస్టారు కూడా అక్కడే కూచుని విన్నారు.

“ఆదివారం నేను వస్త. ఆయన కాడికి పోదాం,” అంది.

“నన్ను గుమ్మం ఎక్కనియ్యడే.”

“నన్ను ఎక్కనిస్తడు. నేను ఆయన్ని తిట్టలేదు గద.”

ఆదివారం ఆమె మూడు బస్సులు మారి వచ్చింది. ఇద్దరం వైరా వెళ్లాం. మాస్టారు తలుపు తీసి, నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. ఆమెను చూసి, “రా అమ్మా, ఎన్నేళ్లయింది,” అన్నారు. నేను కూడా ఆమె వెనకే లోపలికి నడిచాను.

ఆమె చాయ్ తాగింది. మోకాళ్ల నొప్పుల గురించి ఆయన భార్యతో మాట్లాడింది. అడగవేమే అన్నట్టు రెండుసార్లు చూశాను. పట్టించుకోలేదు. అన్నీ అయ్యాక, “సార్, నా పేజీ ఒక్కసారి చూపిస్తరా?” అంది.

ఆయన తెచ్చారు. ఇచ్చేటప్పుడు చేయి కొంచెం వెనక్కు తీశారు, ఇవ్వాలా వద్దా అన్నట్టు. ఆమె పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎర్రగీతను పట్టించుకోకుండా పైకి చదివింది. ఒక్కో మాటా ఆగి ఆగి, కళ్లు మూసుకుంటూ. ముప్పైకి పైగా మాటలున్నాయి. అయ్యాక తల ఎత్తింది.

“ఇవి రాళ్ల పేర్లు సార్. మా ఊరికి రావాలంటే వాగు దాటాలె. వంతెన లేదు. ఏ రాయి మీద ముందు కాలు పెట్టాలె, తర్వాత ఏ రాయి, వరసగ రాసిన. ఒక్కో రాయికి ఒక పేరు. ఇది తాబేలు లెక్క ఉంటది, అందుకని దీనికి ఆ పేరు. ఇది నున్నగుంటది, కాలు జారుతది, దీని మీద మా మేనత్త పడి చెయ్యి విరగ్గొట్టుకుంది, అప్పట్నించి దీనికి ఆమె పేరే. పెద్దన్న అన్నడు గద, దారి అడగకుండ మీ ఇంటికి రావాలె అని. అందుకని దారే రాసిన.”

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని ఆ పేజీ వైపు వంగారు. “ఈ అయిదోది?” అని అడిగారు.

“అది రెండు రాళ్లు సార్. జంట. రెంటికి ఒకటే పేరు.”

“ఊఁ,” అన్నారు. ఇంకో రెండు రాళ్ల గురించి అడిగారు. ఆమె చెప్పింది. ఇప్పుడన్నా తప్పయిందని అంటారేమోనని చూశాను. అనలేదు. “ఇదంతా నువ్వు అప్పుడే చెప్పొచ్చు కదమ్మా,” అన్నారు. నాకు పళ్లు కొరకాలనిపించింది. ఆమె మాత్రం, “అవ్ సార్, చెప్పాల్సింది,” అంది.

ఆయన లేచి లోపలికి వెళ్లి, ఒక చిన్న తెల్ల సీసా తెచ్చారు. మూత తిప్పుతున్నారు. వైట్‌నర్.

“ఈ గీత చెరిపేస్తానమ్మా, అయిదు నిమిషాల పని.”

“ముట్టుకోకండి!” అని నేనూ ఆయన భార్యా ఒకేసారి అరిచాం. ఆవిడ నోట్లోంచి అంత పెద్ద మాట రావడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన సీసా పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. ఆవిడే వచ్చి పుస్తకాలు రెండూ, లామినేషన్ పేజీలతో సహా, గుడ్డసంచీలో పెట్టి నా చేతికిచ్చింది. “తీసుకెళ్లు తల్లీ. రెండు వేసవులు ఈ పెన్ను గీతల చప్పుడు విన్నా, చాలు,” అంది.

రెండు చేతికొచ్చాయి. మిగతా మూడు పుస్తకాలు పెద్దన్న మొలతాడుకున్న తాళంచెవి కింద ఉన్నాయి. ఇంతలో వానలు మొదలయ్యాయి. భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని టీవీల్లో చెబుతున్నారు. మొదటి హెచ్చరిక అన్నప్పుడు ఫోన్ చేశాను.

“పుట్టిన కాడ్నించి చూస్తున్ననమ్మా గోదారిని. మా వీధికి రాదు,” అన్నాడు.

రెండో హెచ్చరిక అన్నప్పుడు చేశాను. “పెట్టె అటక మీద పెట్టిన. ఇంకేం గావాలె?” అని విసుక్కున్నాడు. మూడో హెచ్చరిక అన్నప్పుడు ఫోన్ ఎత్తలేదు. రోజంతా చేశాను. కాలేజీలో ఎవరో పుస్తకం అడిగితే ఇంకోటి ఇచ్చానట. మనిషికి ఏమవుతుందోనన్న భయం ఒకపక్క, పుస్తకాలు ఏమవుతాయోనన్న భయం ఒకపక్క. రెండోదే ఎక్కువగా ఉన్నట్టు అనిపించి నా మీద నాకే అసహ్యమేసింది.

మర్నాడు ఆయన భార్య ఫోన్ చేసింది. వాళ్ల వీధికి నీళ్లొచ్చాయి. ట్రాక్టర్ మీద అందర్నీ బడికి తీసుకెళ్తుంటే ఈయన పెట్టె లేకుండా ఎక్కనన్నాడట. మనుషులకే జాగా లేదు, పెట్టె ఏందయ్యా పెద్దాయనా అని వాళ్లు కేకలేస్తే, నడుము లోతు నీళ్లలో అటక దగ్గరికి వెళ్లి, పెట్టె దించి, నెత్తిన పెట్టుకుని వచ్చాడట. దించేటప్పుడు ఒక మూల నీళ్లలో మునిగిందట.

రోడ్డు తెరిచిన రోజే వెళ్లాను. బడిలో ఒక తరగతి గదిలో బెంచీ కింద పెట్టె, పెట్టె పక్కన చాప మీద పెద్దన్న. దగ్గుతున్నాడు. నన్ను చూడగానే మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు.

మూడింటిలో కింది పుస్తకం అడుగు తడిసింది. సిరా పాకింది. కొన్ని పేజీలు అంటుకున్నాయి. శిక్షణలో నేర్చుకున్నది గుర్తు చేసుకుంటూ పాత వార్తాపత్రికలు తెప్పించి, పేజీకీ పేజీకీ మధ్య కాగితం పెడుతూ, ఫ్యాను కింద ఆరబెట్టాను. ఆ గదిలో ఉన్న ఆడవాళ్లు నలుగురు వచ్చి కూచున్నారు. అడగకుండానే కాగితాలు అందించారు. పెద్దన్న మంచం లేని రోగిలా పక్కనే పడుకుని, “మెల్లగ, మెల్లగ,” అంటూనే ఉన్నాడు. పదోసారి అన్నప్పుడు, “నీకంటె మెల్లగనే చేస్తున్న అన్నా,” అన్నాను. నవ్వబోయి దగ్గాడు.

సాయంత్రం పుస్తకాలు సంచిలో పెట్టుకుంటుంటే ఆపాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. బడిలో ఎవరినో అడిగి తెచ్చుకున్న నోటుపుస్తకం కాగితం. ‘వరద కారణంగా సమావేశం జరపడం వీలు కానందున, హాజరైన సభ్యుడు ఒక్కరే అయినందున, పుస్తకములు బయటికి ఇచ్చుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’ కింద ఆయన సంతకం.

“నువ్వు గూడ పెట్టు. ఇద్దరమైతం,” అన్నాడు. పెట్టాను.

స్కానింగుకు నాలుగు నెలలు పట్టింది. అంటుకున్న పేజీల్లో ఆరు పూర్తిగా పోయాయి. లామినేషన్ చేసినవి స్కానర్‌లో మెరిసి ఒక ముక్క కూడా సరిగ్గా రాలేదు, కిటికీ పక్కన పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీశాను. నా పేజీ కూడా దొరికింది. ఎంతో గొప్పగా రాశాననుకున్నాను ఇన్నేళ్లూ. సగం పేజీ మా ఇంటి గేదె గురించి, మిగతా సగం మా ఊళ్లో సినిమా హాలు లేదన్న బాధ. మా ఇంటికి దారి మాత్రం లేదు. అమ్మకు చూపిస్తే, “గేదె సంగతి బాగ రాసినవ్,” అంది.

పేజీల కింద ఊరి పేరు ఒక్కటే వేశాను. రెండు గ్రూపులూ కోప్పడ్డాయి. జీవితంలో మొదటిసారి రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. స్కాన్లు కంప్యూటర్లో చూసేట్టు ఒక సెట్ మా కాలేజీ లైబ్రరీలో, ఒక సెట్ కాలనీ అంగన్‌వాడీలో నా స్నేహితురాలి దగ్గర పెట్టాం. అసలు పుస్తకాలు మళ్లీ బూర్గంపాడుకే వెళ్లాయి. అక్కడ ఉంచొద్దని ఎంత మొత్తుకున్నా పెద్దన్న వినలేదు. అటక ఇంకో రెండడుగులు ఎత్తు చేయించాడట. మాస్టారు నాతో మాట్లాడటం మానేశారు. నా స్నేహితురాలికి మాత్రం వారానికోసారి ఫోన్ చేసి ఏదో ఒక కోయ మాట అడుగుతున్నారట. “మంచిగ పలుకుతడా?” అంటే, “పలకడు. నేను దిద్దుత,” అంది.

మొన్న ఆమె కాలనీ నుంచి ఒక ముసలాయన్ని తీసుకుని మా లైబ్రరీకి వచ్చింది. ఎనభై ఏళ్లు పైనే ఉంటాయి. ఆయన కొడుకు మా సంఘంలో ఉండేవాడు. డిగ్రీలో ఉండగా జ్వరం వచ్చి పోయాడు. ఊరు ఖాళీ చేసేటప్పుడు కొడుకు వస్తువులేవో పోయాయి, ఇప్పుడు ఆ పిల్లవాడి చేతిరాత ముక్క కూడా ఇంట్లో లేదు. కాలనీలో ఉన్న సెట్‌లో చూద్దామంటే అక్కడ కరెంటు పోయిందట. ఆయన ఆగలేక బస్సెక్కాడు.

నాకు ఆ పిల్లవాడు గుర్తున్నాడు. ఆదివారం అందరికంటే ఆలస్యంగా వచ్చి అందరికంటే ముందు తినేవాడు. పేజీ వెతికి కంప్యూటర్ తెరమీదికి తెచ్చాను. చూడగానే నాకు నీరసం వచ్చింది. మూడే మూడు లైన్లు. ‘మా ఊరు బాగుంటుంది. గోదావరి కనపడుతుంది. మిగతాది తర్వాత రాస్తాను.’ కింద పేజీ అంతా తెల్లగా ఉంది.

ఆయనకు చదువు రాదు. నా స్నేహితురాలు చదివి వినిపించింది.

“గింతేనా?” అన్నాడు.

“అవ్ తాతా, గంతే.”

“బద్దకపోడు,” అన్నాడు ముసలాయన. చాలా కోపంగా అన్నాడు. “అన్నం తినుడు దప్ప ఒక్క పని సక్కగ చెయ్యకపోతుండె. వాళ్లమ్మ చెడగొట్టింది. పేజీ మొత్తం రాస్తే ఏం బోయింది?”

ప్రింటు తీశాను. ఆయనకు బాగా కనపడాలని ఆ మూడు లైన్ల వరకే కత్తిరించి, పెద్ద అక్షరాలతో వచ్చేట్టు చేసి ఇచ్చాను. ఆయన చేతుల్లోకి తీసుకుని, వేళ్లతో తడిమి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత తెరవైపు చూశాడు. మళ్లీ కాగితం వైపు చూశాడు.

“దానికింద శాన ఖాళీ జాగా ఉన్నది గద అమ్మా. అదేది?”

“అందులో ఏం లేదు తాతా. ఉత్త తెల్ల కాగితం.”

“ఉండనీ. వాడు ఇడిసిపెట్టిన జాగ. అది గూడ రావాలె.”

మళ్లీ తీశాను, పేజీ మొత్తం. ఆయన దాన్ని మడవనివ్వలేదు. అట్ట ఉందా అని అడిగాడు. పాత ఫైలు అట్ట ఒకటి ఇచ్చాను. దాని మడతలో పెట్టుకుని, చంకలో పట్టుకుని, బస్సు వెళ్లిపోతుందని నా స్నేహితురాలిని తొందరపెడుతూ బయటికి నడిచాడు.